అప్‌డేట్: బాస్ చేప పడింది, తప్పు నా చేతిదే

పోయిన నెల నేనడిగింది ఇదీ: డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న రే రాబర్ట్స్ లేక్‌లో ఫ్లై ఫిషింగ్‌కి వెళ్తే లార్జ్‌మౌత్ బాస్ అనే చేప నీటి మీద పాపర్‌ని (తేలుతూ చప్పుడు చేసే ఉత్తుత్తి ఎర) కొడుతోంది కానీ గాలానికి పడట్లేదు, ఎందుకు అని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

మొదటి తప్పు రాడ్. ట్రౌట్ చేపల కోసం కొన్న 5 వెయిట్ రాడ్‌తో (ఈ అంకె పెరిగేకొద్దీ బరువైన లైన్, అంటే గాలపు తాడు, విసరొచ్చు) లావుపాటి పాపర్ విసిరితే గాలికి తిరిగొచ్చి నా టోపీకే తగిలేది. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకి పెద్దగా బరువుండదు, లైన్ బరువే దాన్ని మోసుకెళ్తుంది కదా. 8 వెయిట్ రాడ్, దానికి సరిపడే లైన్ కొన్నాను.

అసలు తప్పు రెండోది. చేప కొట్టగానే రాడ్ పైకెత్తేవాణ్ణి. ట్రౌట్‌కి అది సరే. బాస్‌కి మాత్రం రాడ్ కొన నీటివైపే ఉంచి, ఎడమ చేత్తో లైన్‌ని గట్టిగా వెనక్కి లాగాలట.

శనివారం పొద్దున్నే, నీళ్లలో నిలబడ్డ ఎండు చెట్ల పక్కన పాపర్ వేశా. ఒక్కసారి 'బ్లుప్' అనిపించి ఆగాను. వలయాలు పూర్తిగా చెరిగిపోయేదాకా ఆగడం ఎంత టెన్షనో! గుటుక్కుమంది. చెయ్యి అలవాటుగా పైకి లేవబోతే ఆపుకుని లైన్ లాగా. 15 అంగుళాలు! టెక్సాస్‌లో మామూలుగా 14 ఉంటే ఉంచుకోవచ్చు, కానీ వదిలేశా. పులుసుకి చింతపండు నానబెట్టిన మా ఆవిడ ఇంకా మాట్లాడట్లేదు.

పాత 5 వెయిట్ అమ్మను. చిన్న పాపర్‌తో బ్లూగిల్ అనే చిన్న చేపల్ని పట్టడానికి అదే హాయి.