అప్‌డేట్: వెనక స్పీకర్లు మార్చాలా వద్దా అని అడిగాను కదా

నా స్విఫ్ట్‌లో వెనక డోర్ల స్పీకర్లు కూడా మార్చాలా, ఆ డబ్బు ముందువాటికే పెట్టాలా అని పోయిన నెల అడిగాను. ఖర్చు పెట్టేముందు ఫేడర్‌ను (సౌండ్‌ను ముందు, వెనక స్పీకర్ల మధ్య పంచే సెట్టింగ్) పూర్తిగా ముందుకు జరిపి వినమని ఒకరు చెప్పారు. హైదరాబాద్ నుంచి సూర్యాపేట దాకా అలాగే విన్నాను. గాయని గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలోంచి వస్తున్నట్టు నిలబడింది. ఫేడర్‌ను మధ్యకు తేగానే అదే గొంతు తల వెనక్కి జారిపోయింది. స్టీరియో పాట అంటే ఎడమ, కుడి రెండు ఛానళ్లే కదా, వెనక స్పీకర్లూ వాటినే మళ్లీ వినిపిస్తాయి కాబట్టి గొంతును వెనక్కి లాగుతున్నాయని అప్పుడు అర్థమైంది.

అందుకే ముందు డోర్లకు డ్యాంపింగ్ షీట్లు (డోర్ రేకు అదరకుండా లోపల అంటించేవి) వేయించి, 6.5 అంగుళాల కాంపోనెంట్ సెట్ (స్పీకర్, ట్వీటర్ విడివిడిగా ఉండేది) పెట్టించాను. 4 ఛానళ్ల ఆంప్లిఫయర్‌లో రెండు ఛానళ్లు వాటికి, మిగతా రెండూ బ్రిడ్జ్ చేసి (ఒకటిగా కలిపి) బేస్ కోసం పెట్టిన సబ్‌వూఫర్‌కి. ముందు స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కింది బేస్‌ను వాటికి వెళ్లకుండా ఆపే ఫిల్టర్) పెట్టాక సౌండ్ పెంచినా గరగర లేదు. షీట్లు మాత్రం తప్పకుండా వేయించుకోండి, అంత తేడా వస్తుందని నేను అనుకోలేదు.

కారుతో వచ్చిన వెనక స్పీకర్లు తీయలేదు, హెడ్ యూనిట్ (డ్యాష్‌బోర్డులో ఉండే స్టీరియో) మీదే నడుస్తున్నాయి. వెనక సీట్లో అమ్మ కూర్చుంటుంది. ఏసీ ఫుల్‌లో ఉంటే ఆమెకు పాటలో మాటలు సరిగా వినపడవు. ఆమె ఉన్న రోజు ఫేడర్ కొంచెం వెనక్కి జరుపుతాను.

సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.