డ్రాప్ సి ట్యూనింగ్‌లో రిఫ్ ముద్దగా వినిపిస్తోంది: ఏ పికప్ వేయించాలి?

ప్రశ్న: నా గిటారు మహాగని బాడీ, 24.75 అంగుళాల స్కేలు (తీగ మోగే భాగం పొడవు), కొన్నప్పటి హంబకర్లే (తీగ కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే రెండు కాయిల్స్ పికప్‌లు) ఉన్నాయి. డ్రాప్ సిలో, అంటే ఆరో తీగను సి స్వరం దాకా దించిన ట్యూనింగ్‌లో, ఆ తీగపై వేగంగా పామ్ మ్యూట్ చేస్తే (అరచేతి అంచుతో అదిమి మీటితే), ఏ మీటుకా మీటు విడిగా వినిపించకుండా అంతా కలగలిసిపోతోంది. పైగా వాయించడం ఆపగానే యాంప్ గుయ్యిమంటోంది. రెసిస్టెన్స్ ఎక్కువ ఉన్న పికప్ కొంటే రెండూ తీరుతాయని ఒక మిత్రుడు చెప్పాడు. నిజమేనా?

సమాధానం: ఆ సలహాను దయచేసి పక్కన పెట్టండి. సెమూర్ డంకన్ వారి జేబీ, డిస్టార్షన్ పికప్‌లు రెండింటి రెసిస్టెన్సూ 16 కిలో ఓమ్‌ల పైచిలుకే; అయినా ఆల్నికో 5 అయస్కాంతం ఉన్న జేబీలో మధ్యస్థాయి ముందుకు వస్తే, సిరామిక్ అయస్కాంతం ఉన్న డిస్టార్షన్‌లో మీటు మొదలు పదునుగా తెగుతుంది. కాయిల్‌కు చుట్లు పెరిగేకొద్దీ ఇండక్టెన్స్ పెరిగి పై స్థాయిల తేటదనం తగ్గుతుంది కాబట్టి, అతిగా చుట్టిన పికప్ మీ ఇబ్బందిని పెంచే అవకాశమే ఎక్కువ. 1972లో డిమార్జియో సూపర్ డిస్టార్షన్ వచ్చినప్పుడు యాంప్‌లలో గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) తక్కువ, కనుక యాంప్‌లోని వాల్వును గట్టిగా నెట్టే పికప్ అవసరమైంది; నేటి యాంప్‌లలో గెయిన్‌కు కొదవ లేదు, మనకు కావలసింది కింది స్థాయిలో బిగువు.

కొనేముందు ఆరో తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, తీగ అడుగుకూ బ్రిడ్జ్ (బాడీపై తీగలు ఆనే భాగం) పక్కనున్న పికప్‌కూ మధ్య ఎంత సందు ఉందో కొలవండి. 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆ వైపు పికప్‌ను స్క్రూ పావు చుట్టు చొప్పున దించుతూ, ప్రతిసారీ అదే రిఫ్ వాయించి వినండి. తరువాత యాంప్ గెయిన్ కొంచెం తగ్గించండి. మీ తీగల మందం ఎంతో కూడా చెప్పండి.

ప్రశ్నించినవారు: పికప్ దించాక తేడా స్పష్టంగా తెలిసింది, ధన్యవాదాలు. తీగలు 10-46 సెట్ (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో). ఇంకొక విషయం, తీగలను చేత్తో తాకితే గుయ్యిమనడం తగ్గుతోంది. చివరికి పికప్ మార్చాలంటే బ్యాటరీతో పనిచేసే ఈఎంజీ 81 మేలా, బ్యాటరీ అక్కరలేని మామూలు పాసివ్ మేలా?

సమాధానం: ముందు తీగలు మార్చండి. ఆ స్కేలుపై డ్రాప్ సిలో 46 తీగ వదులుగా వేలాడి, ఏ పికప్‌కైనా ముద్దనే అందిస్తుంది. ఆరో తీగ 56 ఉన్న సెట్ వేసి, నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడి సరిపోతుందో లేదో చూసుకోండి. తాకితే చప్పుడు తగ్గుతోందంటే బ్రిడ్జ్ గ్రౌండు అందుతోందనీ, లోపల షీల్డింగ్ (బయటి విద్యుత్ రొదను ఆపే పొర) చాలడం లేదనీ అనుకోవచ్చు. కంట్రోల్ గుంతలో రాగి రేకు అంటించి దాన్ని గ్రౌండుకు కలిపించండి. పికప్ మార్చడం వల్ల అది పూర్తిగా తీరదు.

అప్పటికీ మార్చాలనిపిస్తే మీ గిటారుకు నేను సిరామిక్ పాసివ్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఇప్పుడున్న 500 కె పాట్లు (వాల్యూమ్, టోన్ మీటల కింద ఉండే 500 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు) అలాగే ఉంచుకోవచ్చు. ఈఎంజీ 81 బిగువులో తక్కువేమీ కాదు, కానీ దానికి 25 కె పాట్లు, స్టీరియో జాక్, 9 వోల్టుల బ్యాటరీకి చోటు కావాలి. వాయించనప్పుడు కేబుల్ తీసేయకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

సోల్డరింగ్ మాత్రం రంగులు చూసి చేయించండి. డంకన్‌లో సిగ్నల్ తీగ నలుపు, ఎరుపు తెలుపు రెండూ ఒకదానికొకటి కలపాలి. డిమార్జియోలో సిగ్నల్ ఎరుపు, నలుపు తెలుపు కలపాలి. రెండింటిలోనూ ఆకుపచ్చ, తొడుగు లేని తీగ గ్రౌండుకు వెళ్తాయి. ఒకసారి ఈ తేడా గమనించకుండా నేనే ఒక కంపెనీ పద్ధతిలో వేరే కంపెనీ పికప్ అతికాను. శబ్దం బొత్తిగా పలుచబడి, తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి సాయంత్రమంతా పట్టింది. అందువల్ల పెట్టెలోని చిత్రాన్ని సోల్డరింగ్ చేసే వ్యక్తి ముందు పెట్టండి.