నడవలేని సభ్యుల కోసం అందరి టూరూ మార్చాలా?

నెమ్మది నడక

అందరికీ నమస్కారం. మా రిటైర్డ్ మగవాళ్ల క్లబ్బులో రెండు నెలలుగా ఒక వాదన తెగడం లేదు. ఇలాంటి క్లబ్బులు నడిపేవాళ్లు ఈ ఫోరంలో చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మేం 46 మందిమి. అందరిలోకీ చిన్నాయనకు 59, పెద్దాయనకు 88. వారానికోసారి కలుస్తాం. చెస్ ఆడుకుంటాం, పేపర్లో వచ్చినవాటి మీద మాట్లాడుకుంటాం, ఎవరికి ఒంట్లో బాగోలేదో కనుక్కుంటాం. ఇందులో ఏ పేచీ లేదు. ఏడాదికి రెండుసార్లు బస్సు మాట్లాడుకుని ఒకరోజు బయటికి వెళ్తాం. గొడవంతా ఆ బస్సు దగ్గరే.

ఈసారి కొండ మీద ఉన్న ఒక పాత కోటకు వెళ్దామని ఎక్కువమంది అన్నారు. 300 మెట్లు ఎక్కాలి. మాలో తొమ్మిదిమంది ఎక్కలేరు. "మీరు కింద నీడపట్టున కూర్చోండి, రెండు గంటల్లో వచ్చేస్తాం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ తొమ్మిదిమందిలో ఒక్కరు కూడా పేరు ఇవ్వలేదు.

క్లబ్బు వేసే బస్సు క్లబ్బులో అందరూ రాగలిగిన చోటికే వెళ్లాలని నేనంటాను. మెట్లెక్కే ఓపిక ఉన్నవాళ్లు ఎప్పుడైనా వాళ్లంతట వాళ్లు వెళ్లొచ్చు. ఆ తొమ్మిదిమందికి మాత్రం ఈ బస్సు తప్ప ఇంకో దారి లేదు.

తెల్లారి సైకిల్

సార్, మీ బాధ అర్థమైంది. అయినా ఒప్పుకోలేను.

నేను రిటైరై మూడేళ్లయింది. ఉద్యోగం చేసినంత కాలం సెలవు దొరక్క చూడలేకపోయిన చోట్లు ఎన్నో ఉన్నాయి. కాళ్లు ఇలా మాట వినేది ఇంకో పదేళ్లేమో. ఆ పదేళ్లూ మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో సమానంగా కూర్చోమనడం న్యాయమేనా?

మా క్లబ్బులో జరిగింది చెబుతాను. అందరూ రావాలని ప్రతిసారీ పార్కో, మ్యూజియమో ఎంచుకున్నారు. నాలుగేళ్లలో 65 లోపువాళ్లు ఒక్కొక్కరే మానేశారు. ఎవరూ పోట్లాడలేదు, రావడం మానేశారు, అంతే. ఇప్పుడు బస్సు మాట్లాడేవాడు లేడు, అందరికీ ఫోన్లు చేసేవాడు లేడు. వీల్‌చైర్ మడిచి డిక్కీలో పెట్టేవాడూ లేడు. పోయినేడు అసలు టూరే లేదు. పెద్దవాళ్ల కోసమని చేసిన పని చివరికి వాళ్ల మీదే పడింది.

పాత ఫోర్‌మాన్

నాకైతే ఈ టూర్ల గొడవే అనవసరం అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో 1990లలో మెన్స్ షెడ్స్ అని మొదలయ్యాయి. రిటైరైన మగవాళ్లు ఒక షెడ్డులో చేరి కుర్చీలు బాగుచేస్తారు, బొమ్మలు చేస్తారు. మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పలేరు, పక్కపక్కన నిలబడి ఏదో ఒక పని చేస్తుంటే మాట దానంతటదే వస్తుంది. దాని వెనకున్న ఆలోచన ఇదే. నా జీవితమంతా వర్క్‌షాపులోనే గడిచింది, ఇది అక్షరాలా నిజమని చెప్పగలను. భార్య పోయిన ఒక సభ్యుడు ఏడాదిపాటు నోరు విప్పలేదు. స్టూలుకు గరుకు కాగితం పడుతూ ఒకరోజు ఉన్నట్టుండి మొదలుపెట్టాడు, గంటసేపు చెప్పాడు.

ఏడాదికి రెండు టూర్లు మిగతా 363 రోజుల ఒంటరితనాన్ని తీర్చవు. 2010లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన 148 అధ్యయనాలను, మూడు లక్షల మందికి పైగా జనాన్ని కలిపి చూసింది. గట్టి అనుబంధాలున్నవాళ్లకు బతికి ఉండే అవకాశం దాదాపు 50 శాతం ఎక్కువని తేలింది. వారం వారం కలవడం మీద పెట్టండి మీ శ్రద్ధంతా.

తెల్లారి సైకిల్

ఫోర్‌మాన్ గారూ, ఆ లెక్క అనుబంధాల గురించి. మా అనుబంధాలు బలపడింది టూర్లలోనే. వారం వారం పక్కన కూర్చుని చెస్ ఆడిన మనిషి పాటలు పాడతాడని బస్సులోనే తెలిసింది నాకు.

ఒక సభ్యుడి కూతురు

పెద్దలందరికీ నమస్కారం. నేను సభ్యురాలిని కాను, మా నాన్నగారు వేరే ఊళ్లో ఇలాంటి క్లబ్బులోనే ఉన్నారు. మాట్లాడొచ్చో లేదో తెలియక రెండు రోజులు ఆగాను.

నాన్న రెండేళ్లుగా ఏ టూరుకీ వెళ్లడం లేదు. క్లబ్బులో అడిగితే మోకాళ్లు నొప్పి అంటారు. ఇంట్లో ఆయన మెట్లు బాగానే ఎక్కుతారు. అసలు కారణం బస్సు. ప్రొస్టేట్ సమస్య వల్ల గంటన్నరకు మించి ఆపుకోలేరు. చివరిసారి వెళ్లినప్పుడు పొద్దున్న వేసుకోవాల్సిన బీపీ మాత్ర వేసుకోలేదు, అది ఒంట్లో నీరు తీసే మాత్ర కాబట్టి. నీళ్లు కూడా తాగలేదు. సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోయారు. ఎండ దెబ్బ అనుకున్నారు అందరూ. నిజం నాకొక్కదానికే చెప్పారు, అదీ నెల తర్వాత.

అంకుల్, మోకాళ్లు అనేది పదిమందిలో తలెత్తుకుని చెప్పుకోగల కారణం. ఇదలా కాదు. మీ తొమ్మిదిమందిలో ఎంతమందికి నిజంగా మెట్లే అడ్డమో ఒక్కొక్కరినీ విడిగా అడిగి చూడండి. అందరి ముందూ అడగొద్దు, దయచేసి.

ఫిజియో వృత్తిలో ఉన్నాను

ఆవిడ చెప్పింది వందకు వంద నిజం. ప్రయాణమని మాత్రలు మానేసేవాళ్లను తరచూ చూస్తుంటాను. మాత్ర వేళ మార్చుకోవచ్చేమో డాక్టర్ని ముందే అడగాలి గానీ సొంతంగా మానకూడదు.

మెట్ల సంగతి కూడా చెబుతాను. ఎక్కడం కన్నా దిగడంలో మోకాళ్ల మీద భారం ఎక్కువ, కాలు జారే ప్రమాదమూ అక్కడే ఎక్కువ. ఓపికంతా పైకెక్కడానికే ఖర్చుపెట్టి వణికే కాళ్లతో దిగుతారు. కాబట్టి 'ఎక్కగలను' అన్న 37 మందిలో కూడా ఎవరు దిగగలరో చూసుకోండి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని, మూడు రోజులైనా బ్యాలెన్స్‌కు, కండరాల బలానికి పనికొచ్చేవి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. టూరుకు మూడు నెలల ముందు నుంచి క్లబ్బులోనే కలిసి సాధన మొదలుపెట్టండి. ఇప్పుడు రాలేమన్నవాళ్లలో ఒకరిద్దరు రాగలరేమో.

నెమ్మది నడక

వారం రోజులు మాయమయ్యాను, క్షమించండి. ఆ అమ్మాయి చెప్పినట్టే తొమ్మిదిమంది ఇళ్లకూ వెళ్లాను.

నలుగురికి నిజంగానే మెట్లు కష్టం. ఇద్దరిది మూత్రం సమస్య. ఇద్దరి భార్యలు మంచం మీద ఉన్నారు, పొద్దున్న నుంచి రాత్రి దాకా వదిలి రాలేరు. ఇంకొకాయన చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. ఆయనకు వినికిడి బాగా తగ్గింది. బస్సు మోతలో, భోజనాల దగ్గర గోలలో ఎవరేమంటున్నారో తెలియక అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వుతాడట. రోజంతా అలా నవ్వడం కన్నా ఇంట్లో ఉండటమే సుఖం అన్నాడు. వారం వారం ఆయనతో చెస్ ఆడేది నేనే. చెస్‌కు మాటలు అక్కర్లేదు కాబట్టి నాకు తెలియలేదు.

తొమ్మిదిమందీ మెట్లెక్కలేరని మీ అందరికీ రాసింది నేను. ఒక్కరినీ అడగకుండా రాశాను.

తెల్లారి సైకిల్

మీరు ఇంటింటికీ వెళ్లడం చాలా పెద్ద పని సార్. మా క్లబ్బులో ఎవరూ చేయలేదు, నేనూ చేయలేదు.

అయినా ఒక మాట. ఇప్పుడు మీ దగ్గర మెట్లు అడ్డమైంది నలుగురికే. మిగతా ఐదుగురి ఇబ్బందులకూ కోటకూ సంబంధం లేదు. పార్కుకు వెళ్లినా వాళ్లు రారు. గంటగంటకూ ఆగే బస్సు, ఆరుగురు మించని చిన్న బల్లలు, పేషెంటు దగ్గర ఆ ఒక్కరోజు కూర్చునే మనిషి, ఇవీ వాళ్లకు కావలసినవి. ఇవన్నీ కోటకు వెళ్తూ కూడా చేయొచ్చు.

లెక్కల పుస్తకం

మా క్లబ్బులో కోశాధికారిని. ఎవరూ ముట్టుకోని విషయం ఒకటుంది. బస్సు ఖర్చులో కొంత అందరి చందాలోంచి పోతుంది కదా? అంటే రాలేని నలుగురి డబ్బుతో కూడా మిగతావాళ్లు కొండెక్కుతున్నారు. మా దగ్గర ఇదే మాట మీద ఒక పెద్దాయన సభ్యత్వం వదులుకున్నారు, మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఉమ్మడి డబ్బు ముడితే అందరూ రాగలిగే చోటికే. మిగతావి వెళ్లేవాళ్ల సొంత ఖర్చు. మనసులో కలుక్కుమనడం తగ్గింది.

పాత ఫోర్‌మాన్

ఇది బాగుంది. ఇంకొకటి గుర్తొచ్చింది. ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో 2011లో వాకింగ్ ఫుట్‌బాల్ మొదలైంది. పరుగెత్తకూడదు, నడుస్తూనే ఆడాలి. పరుగెత్తగలిగినవాడు కూడా నడవాల్సిందే. ఆటను మార్చారు గానీ మనిషిని గట్టు మీద కూర్చోబెట్టలేదు.

తెల్లారి సైకిల్

ఆటకు నియమం మార్చొచ్చు ఫోర్‌మాన్ గారూ. కొండకు మార్చలేం. పైనుంచి చూస్తే కనిపించేది కింద నుంచి కనిపించదు, నాకు అదే కావాలి. దాన్ని తప్పు అనకండి.

లెక్కల పుస్తకం గారి పద్ధతికి మాత్రం ఒప్పుకుంటాను. నా కోటకు నా డబ్బు. మా క్లబ్బులో మానేసినవాళ్లకు ఈ మాట చెప్పి మళ్లీ పిలుస్తాను.

నెమ్మది నడక

శనివారం మా దగ్గర ఓటింగు. కోటకు వ్యతిరేకంగానే చెయ్యెత్తుతాను, ఓడిపోతానేమో కూడా. ఏది గెలిచినా రెండు మాటలు మాత్రం ముందే రాయించుకుంటాను. బస్సు గంటకోసారి ఆగుతుంది, ఎందుకని ఎవరూ ఎవరినీ అడగరు. వినికిడి తగ్గినాయన పక్క సీటు నాది. ఇద్దరి మధ్యా ఒక చెస్ బోర్డు పెడతాను, అయస్కాంతం పావులున్నది.

ఒక సభ్యుడి కూతురు

అంకుల్, బస్సు ఆగడం గురించి మీరన్న మాట నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా సెక్రటరీ నంబరు నీ దగ్గరుందా?" అని అడిగారు.