అర్ధరాత్రి దాటాక ఎక్కే రైలు: తేదీ, స్టేషను, బోగీ దగ్గర బోల్తా పడకుండా ఏం చూసుకోవాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారమండి. రాజమండ్రి నుంచి చర్లపల్లికి, అదే రోజు సాయంత్రం కాచిగూడ నుంచి షిర్డీ కోసం నగర్‌సోల్‌కి టికెట్లు తీయాలి. మొత్తం ఆరుగురం. అరవై ఐదు దాటిన అమ్మానాన్న, మేమిద్దరం, పన్నెండు దాటిన పిల్లలిద్దరు. మొదటి బండి విశాఖలో రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరి రాజమండ్రికి 00:35కి వస్తుంది. మేము ఇంటి నుంచి కదిలేది శనివారం రాత్రి, 14వ తేదీ అనుకోండి.

ఏ తేదీకి బుక్ చేయాలి? ఆరుగురికీ ఒకే టికెట్టా, వేర్వేరుగానా? మొదటి బండి లేటయితే రెండో టికెట్ సంగతేంటి? ఇవి కాక జనం ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటారో కూడా చెప్పండి.

పాతటైంటేబుల్:
తేదీతోనే మొదలుపెడదాం, రాత్రి బళ్లలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. 00:35 అంటే 15వ తేదీ, ఆదివారం. బుకింగ్‌లో అడిగేది మీరు ఎక్కే స్టేషన్లో ఎక్కే తేదీ, కాబట్టి 15 ఇవ్వాలి. 14 ఇచ్చారంటే ఆ బండి శుక్రవారం అర్ధరాత్రి దాటగానే వెళ్లిపోతుంది. శనివారం రాత్రి మీరు ప్లాట్‌ఫారం మీదకొచ్చేసరికి ఆ టికెట్‌కి కాలం చెల్లి ఒక రోజు. అది పట్టుకుని బండెక్కితే టికెట్ లేని ప్రయాణం కిందే లెక్క. పైసా వాపసు రాదు.

టికెట్ వచ్చాక పైభాగం చూడండి. బుక్డ్ ఫ్రమ్, బోర్డింగ్ ఎట్, టు అని మూడు గడులుంటాయి. దగ్గర్లోనే స్టార్ట్ డేట్, డిపార్చర్ ఉంటాయి. డిపార్చర్ దగ్గర 00:35, 15వ తేదీ కనిపించాలి. ఇంట్లో అందరికీ చెప్పేటప్పుడు మాత్రం "15న" అనకండి, "శనివారం రాత్రి పదకొండున్నరకల్లా స్టేషన్లో ఉండాలి" అని చెప్పండి.

ఇదే తిరకాసు ఇంకో రెండు చోట్ల తగులుతుంది. ఒకటి తత్కాల్, అంటే ప్రయాణానికి ముందు రోజు ఇచ్చే ప్రత్యేక టికెట్ల కోటా. అది తెరుచుకునేది బండి మొదట బయల్దేరే స్టేషన్ తేదీకి ఒక రోజు ముందు, మీరు ఎక్కే తేదీకి కాదు. మీ బండి విశాఖలో కదిలేది 14న. కాబట్టి తత్కాల్ 13న తెరుస్తారు, ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి. 15 లోంచి ఒకటి తీసేసి 14 పొద్దున్న కూర్చుంటే వెయిటింగ్ లిస్టే కనిపిస్తుంది. మామూలు రిజర్వేషన్‌కి ఉన్న 60 రోజుల గడువు కూడా బయల్దేరే స్టేషన్ నుంచే లెక్క. 2024 నవంబరుకి ముందు అది 120 రోజులు. పాత లెక్కలో ఉన్న బంధువుల మాట పట్టుకోకండి.

రెండోది, బండి ఎక్కడుందో చూసే యాప్. శనివారం రాత్రి 11కి చూస్తే సరిగ్గానే చూపిస్తుంది. పన్నెండు దాటాక "ఈ రోజు" అని నొక్కితే ఇంకా బయల్దేరలేదంటుంది, ఎందుకంటే అది 15న విశాఖలో కదలబోయే బండి. "నిన్న" ఎంచుకోవాలి. బండి లేటని నమ్మి టీ తాగుతూ కూర్చుంటే మీ బండి ఎదురుగానే వెళ్లిపోతుంది.

లోయర్‌బెర్త్:
గోదారిగట్టు గారూ, ఆరుగురినీ ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే టికెట్ నంబరు కింద, పెట్టకండి. ఒక టికెట్లో ఆరుగురి దాకా పెట్టొచ్చు, తత్కాల్‌లో అయితే నలుగురే. కానీ పెద్దవాళ్లకి విడిగా ఉంచే కింది బెర్తుల కోటా ఒంటరిగానో ఇద్దరుగానో వెళ్లేవాళ్లకే వర్తిస్తుంది. మగవాళ్లకి 60 నిండాలి, ఆడవాళ్లకి 45. వాళ్లతోపాటు మీ పేర్లు కూడా అదే టికెట్లో చేరిస్తే సిస్టమ్ ఆ కోటాని పట్టించుకోదు. అమ్మానాన్నకి ఒక పీఎన్ఆర్, మీ నలుగురికి ఒకటి. రెండూ వెంటవెంటనే తీస్తే ఒకే బోగీ దొరికే అవకాశం ఎక్కువ, అయినా గ్యారంటీ ఏమీ లేదు. ఛార్జీలో రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు.

టికెట్లు విడగొడితే ప్రతి పీఎన్ఆర్‌కీ కనీసం ఒకరి దగ్గర గుర్తింపు కార్డు ఉండాలి. ఫోన్లో ఆధార్ ఫోటో చెల్లదు. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఇష్యూడ్ డాక్యుమెంట్స్ కింద ఉన్న ఆధార్ గానీ డ్రైవింగ్ లైసెన్సు గానీ చెల్లుతుంది, మనమే స్కాన్ చేసి అప్‌లోడ్ చేసింది చెల్లదు. నాన్నగారి కార్డు మీ పర్సులో ఉండి, మీరు వేరే బోగీలో ఉంటే టికెట్లు చూసే టీటీఈ వచ్చినప్పుడు హడావుడే.

ఇక బోగీ. ఇరవై రెండు బోగీల బండి అర కిలోమీటరు పైనే ఉంటుంది, ఒక్కో బోగీ దాదాపు 24 మీటర్లు. బండి ఆగేది రెండు నిమిషాలైతే, ఈ చివర నుంచి ఆ చివరకి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సామానుతో నడవలేరు. ప్లాట్‌ఫారం మీద బోగీ నంబర్లు చూపించే బోర్డుల కింద ముందే నిలబడాలి. ఎస్ అంటే స్లీపర్, బీ థర్డ్ ఏసీ, ఎం థర్డ్ ఏసీ ఎకానమీ, ఏ సెకండ్ ఏసీ. ఎం బోగీని చూసి మనది కాదులే అనుకుని వదిలేసేవాళ్లున్నారు. విశాఖలో ఇంజను ఇటునుంచి అటు మారే బళ్లకి బోగీల వరస తిరగబడుతుంది, కాబట్టి విశాఖకి అవతల నుంచి వచ్చే బండయితే ఎవరో చెప్పిన వరస నమ్మొద్దు.

బండి కదిలేలా ఉంటే దగ్గర్లో ఉన్న రిజర్వేషన్ బోగీలో ఎక్కేసి లోపల్నుంచి నడవండి. జనరల్ బోగీలో మాత్రం ఎక్కొద్దు, అక్కణ్ణుంచి రిజర్వేషన్ బోగీల్లోకి దారి మామూలుగా మూసే ఉంటుంది.

ఫోన్ ఇంటి దగ్గరే నిండా చార్జ్ చేసుకోండి. రాత్రి 11 నుంచి 5 దాకా ఏసీ బోగీల్లో చార్జింగ్ ప్లగ్గులు ఆపేస్తుంటారు, మీరు ఎక్కేదే ఆ వేళలో.

గోదారిగట్టు:
చాలా థాంక్సండి. తత్కాల్ సంగతి అసలు తెలీదు. ఇంకో మాట, అమ్మానాన్న ఆ వారం విజయవాడలో తమ్ముడి దగ్గర ఉండొచ్చు. రాజమండ్రి నుంచే టికెట్ తీసి, వాళ్లు విజయవాడలో ఎక్కితే పర్వాలేదా?

బెజవాడబాబు:
ఎక్కొచ్చు బాస్, టీటీఈకి ఫోన్లో చెప్తే సరిపోతుంది. అందరూ అలాగే వెళ్తారు.

మౌలాలిజంక్షన్:
బెజవాడబాబు గారూ, ఆ సలహా ఇవ్వకండి. రాజమండ్రిలో బెర్తు ఖాళీగా కనిపిస్తే టీటీఈ చేతిలోని మెషిన్‌లో రాలేదని కొట్టేస్తాడు, ఆ బెర్తు ఆర్‌ఏసీ వాళ్లకి, అంటే సీటు మాత్రమే దొరికి బెర్తు కోసం చూస్తున్నవాళ్లకి, వెళ్లిపోతుంది. విజయవాడకి వచ్చి గొడవపడితే ప్రయోజనం ఉండదు. చార్ట్, అంటే ప్రయాణికుల తుది జాబితా, పడకముందే, కుదిరితే ఒక రోజు ముందే, ఆన్‌లైన్‌లో బోర్డింగ్ పాయింట్ విజయవాడకి మార్చాలి. మార్చాక మళ్లీ రాజమండ్రిలో ఎక్కే హక్కు ఉండదు. ఆ మార్పు పీఎన్ఆర్‌లో ఉన్న అందరికీ వర్తిస్తుంది, సగం మందికి కుదరదు. టికెట్లు విడగొట్టమనడానికి ఇది ఇంకో కారణం. చార్ట్ ఇప్పుడు మునుపటిలా నాలుగు గంటల ముందు కాదు, చాలా ముందే పడుతోంది. "సాయంత్రం చూద్దాంలే" అంటే గడువు దాటిపోతుంది.

స్టేషన్ల సంగతి. చర్లపల్లి నగరానికి తూర్పు అంచు. 2025 జనవరిలో కొత్త టెర్మినల్ మొదలయ్యాక చాలా బళ్లు అక్కడికే వచ్చి ఆగుతున్నాయి. కొన్ని అక్కణ్ణుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి పోతాయి, వాటికి సికింద్రాబాద్ తగలదు. "హైదరాబాద్" అని రాసి ఉంటే నాంపల్లి. కాచిగూడ వేరు. ఇలాంటిదే కాజీపేట, వరంగల్ కూడా, ఊరొకటే అనుకుని ఒకదానికి బదులు ఇంకోదానికి పోతారు. ఆటోవాడికి స్టేషన్ పూర్తి పేరు చెప్పండి. చర్లపల్లి నుంచి కాచిగూడకి పెద్దవాళ్లతో, సామానుతో గంటన్నర పెట్టుకోండి.

రెండు బళ్ల లంకె. 2019 ఏప్రిల్ నుంచి రెండు పీఎన్ఆర్‌లని కనెక్టింగ్ జర్నీగా కలిపి తీసుకునే వీలుంది. మొదటిది లేటై రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగం ఛార్జీ కోత లేకుండా వాపసు ఇస్తారు. అయితే బుకింగ్ సమయంలోనే కలిపేయడం మేలు. రెండింట్లోనూ అవే పేర్లు, అవే వివరాలు ఉండాలి. నాన్నగారి పేరు ఒకదాంట్లో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో లేకుండా కొడితే అక్కడే చిక్కు. మీకు దిగేది చర్లపల్లి, ఎక్కేది కాచిగూడ కాబట్టి సిస్టమ్ ఒప్పుకుందో లేదో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. ఒప్పుకోకపోతే మొదటి బండి ఎంత లేటయినా రెండో టికెట్ నష్టం మీదే. అప్పుడు నేనైతే రెండో ప్రయాణం మర్నాటికి పెట్టుకోమంటాను. లాడ్జి ఖర్చు ఆరు టికెట్ల కన్నా తక్కువే.

బండి మూడు గంటలకు మించి లేటయి, వెళ్లొద్దనుకుంటే టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేస్తే మొత్తం డబ్బు వస్తుంది. కానీ ఆ బండి మీ స్టేషన్ నుంచి నిజంగా కదిలే లోపే వేయాలి. ఇంటికెళ్లి నిద్రపోయి పొద్దున్న వేస్తే చెల్లదు. డబ్బు వెంటనే రాదు, కొన్ని వారాలు పట్టొచ్చు. బండి పూర్తిగా రద్దయితే మాత్రం ఆన్‌లైన్ టికెట్‌కి టీడీఆర్ అక్కర్లేదు, డబ్బు దానంతటదే వస్తుంది. ఆ సమయంలో గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేస్తే మోసగాళ్లు తగులుతారు. సాయానికి రైల్వే నంబరు 139. ఓటీపీ, యూపీఐ పిన్ అడిగారంటే ఫోన్ పెట్టేయండి.

పాతటైంటేబుల్:
ఒకటి మర్చిపోయాం. తప్పు బండి ఎక్కామని తెలియగానే చైను లాగకండి. సరైన కారణం లేకుండా లాగితే వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా ఏడాది దాకా జైలు. టీటీఈకి చెప్పి తర్వాతి స్టేషన్లో దిగడమే మేలు. రాత్రి బళ్లు పావుగంట తేడాతో ఒకే ప్లాట్‌ఫారం మీదకి వస్తుంటాయి, కాబట్టి పేరు చూసి ఎక్కొద్దు. బోగీ పక్కన రాసిన అయిదంకెల నంబరు టికెట్ మీది నంబరుతో కలిసిందో లేదో చూడండి. ఒకే బండికి వెళ్లేటప్పుడో నంబరు, వచ్చేటప్పుడో నంబరు ఉంటుంది. ఉదాహరణకి గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖ నుంచి హైదరాబాద్‌కి 12727, తిరుగు ప్రయాణంలో 12728.

గోదారిగట్టు:
సరేనండి. అమ్మానాన్నకి వేరే పీఎన్ఆర్, తేదీ 15, తత్కాల్ అవసరమైతే 13న. చర్లపల్లి, కాచిగూడ లంకె కుదురుతుందో లేదో రేపు బుక్ చేసేటప్పుడు చూసి ఇక్కడే రాస్తాను.