నాన్న డయాలసిస్ రోజుల్లో కాటుక, పౌడరు, ఒక లిప్‌స్టిక్: మీకూ ఇలాంటివి ఉన్నాయా?

ఖమ్మం టీచర్:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి పోయిన శ్రావణం నుంచి డయాలసిస్ నడుస్తోంది. సోమ, బుధ, శుక్రవారాలు, మొదటి షిఫ్టు. ఆరింటికల్లా అక్కడుండాలి. సూదులు పెట్టాక నాలుగు గంటలు ఆ చెయ్యి కదపడానికి లేదు. అమ్మకి మోకాళ్లు సహకరించవు, అందుకని ఆటోలో తీసుకెళ్లేది నేనే. ఎనిమిదింటికి తమ్ముడు వస్తే నేను అక్కణ్ణుంచే బస్సెక్కి స్కూలుకి వెళ్లిపోతాను. ఏడో తరగతికి లెక్కలు చెప్తాను.

ఆ రోజుల్లో నాలుగుంపావుకి లేస్తాను. లేచిన క్షణం నుంచే బుర్ర తిరుగుతూ ఉంటుంది. నిన్న నీళ్లు ఎక్కువ తాగారా, బరువు ఎంత పెరిగి ఉంటుంది, మధ్యలో బీపీ పడిపోతుందా, చీకట్లో ఆటో దొరుకుతుందా. స్నానం చేస్తున్నా ఇవే, జడ వేసుకుంటున్నా ఇవే. తర్వాత అద్దం ముందు నిలబడి కింది రెప్పని వేలితో కొంచెం లాగి కాటుక పెన్సిల్ ఆనిస్తాను. లోపలి మూల నుంచి బయటికి ఒకటే గీత. ఆ గీత గీసేంతసేపు ఊపిరి బిగబట్టాలి కదా. అప్పుడు మాత్రం తలలో ఏమీ ఉండదు. రెండో కన్ను అయ్యేసరికి చెయ్యి వణుకు తగ్గి ఉంటుంది. ఇది నేను రోజూ గమనిస్తున్నాను.

నా దగ్గర ఉన్నవి మూడే. పదేళ్లుగా వాడుతున్న ఆ కాటుక పెన్సిల్, ఇప్పుడు బొటనవేలంత మిగిలింది. తర్వాత పాండ్స్ పౌడరు. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేశారు, ఎక్కువగా కొత్తగూడెం సర్వీసు. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లేముందు మెడకి పాండ్స్ రాసుకుని, కాలరు మాయకుండా లోపల చేతిరుమాలు మడిచి పెట్టుకునేవారు. నేను నిద్రలో ఉన్నా ఆ వాసన వచ్చిందంటే నాన్న బయల్దేరుతున్నారని తెలిసేది. ఇప్పుడు అదే వేళకి, అదే వాసనతో, ఆయన్ని నేను బయల్దేరదీస్తున్నాను.

మూడోది లిప్‌స్టిక్. నా మొదటి జీతంతో కమాన్ బజారులో ఒక ఫ్యాన్సీ షాపులో కొన్నాను. గోధుమరంగులో కొంచెం గులాబీ కలిసినట్టుంటుంది. వేసుకున్నట్టు ఎవరికీ తెలియదు, మొహం మాత్రం నిద్ర పోయి లేచినట్టు ఉంటుంది. అద్దం లేకుండా ఆటోలో కూడా వేసుకోగలను. ఇది నాలుగో ట్యూబు. అయిపోవస్తోందని వెళ్తే ఆ షేడు కంపెనీవాళ్లు ఆపేశారన్నారు. మూడు షాపులు తిరిగాను. నిజం చెప్తున్నాను, మూడో షాపు మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చేసింది. నాన్న రిపోర్టులు చూసినప్పుడు కూడా ఏడవలేదు నేను.

అసలు సంగతి ఇది. పోయిన నెల మా మేనత్త వచ్చింది. నేను కాటుక పెట్టుకుంటుంటే చూసి, "అన్నయ్య అలా పడుంటే నీకీ సోకులేంటే" అంది. ఆమె బాధ ఆమెది, అన్న అంటే ప్రాణం. కానీ ఆ మాట గుచ్చుకుంది. ఒక వారం ఏమీ రాసుకోకుండా వెళ్లాను. శుక్రవారం నాడు మిషను మీద పడుకుని నాన్న నా మొహం వైపే చూస్తూ, "ఒంట్లో బాలేదా తల్లీ? మొహం అలా ఉందేం?" అన్నారు. ఆయనకి నా గురించి దిగులు పట్టుకుంది, ఆ చెయ్యి కదపలేని చోట పడుకుని.

అందుకే అడుగుతున్నాను. టెన్షన్ రోజుల్లో మీకు చెయ్యి అలవాటుగా వెళ్లే వస్తువులు ఏమైనా ఉన్నాయా? పెద్ద మేకప్ కాదు, ఐదు నిమిషాల్లో అయ్యేవి. ఆపేసిన షేడుకి దగ్గరిది ఎలా వెతుక్కోవాలి? ఇంకొకటి, నిద్ర చాలక ఈమధ్య కాటుక పెడితే కళ్లు మండుతున్నాయి. మానాలని లేదు. ఏం చెయ్యాలి?


అమలాపురం అత్తయ్య:

అమ్మాయ్, మీ మేనత్త మాట మనసులో పెట్టుకోకు. మా అత్తగారి సంగతి ఒకటి చెప్తాను విను.

1996 నవంబరులో మాకు తుపాను వచ్చింది. కోనసీమలో ఆ ఆరో తారీఖు రాత్రి చూసినవాళ్లెవరూ దాన్ని మర్చిపోరు. తెల్లారేసరికి మా కొబ్బరితోటలో నిలబడ్డ చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వంటింటి పైకప్పు ఎగిరిపోయింది. మూడు రోజులు తడిబట్టలతోనే ఉన్నాం. నాకప్పటికి పెళ్లయి ఏడాది. మూడోనాడు ఎండ కాసింది. అత్తగారు బురదలో వెతికి వెతికి ఇత్తడి కాటుక భరిణె తీశారండి. పైట చెంగుతో తుడిచి, మూత తిప్పి చూస్తే లోపల కాటుక అలాగే ఉంది. నన్నూ మా ఆడపడుచునీ గుమ్మంలో కూర్చోబెట్టి, తలలు దువ్వి జడలు వేసి, తన వేలితో మా కళ్లకి కాటుక దిద్దారు. ఎవరం ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాతే లేచి పొయ్యి వెలిగించాం.

ఆ కాటుక ఆవిడ ఇంట్లోనే పట్టేవారు. పల్చటి తెల్లబట్టని గుంటగలగరాకు రసంలో తడిపి నీడన ఆరబెట్టడం, మళ్లీ తడపడం, మళ్లీ ఆరబెట్టడం. దాన్ని వత్తి చేసి ఆముదం దీపం పెట్టి, మూడు ఇటుకలు పేర్చి, పైన రాగి పళ్లెం బోర్లించేవారు. రాత్రంతా వెలిగాక పళ్లెం అడుగున పట్టిన మసిని గీకి, నాలుగు చుక్కల ఆముదంతో నూరేవారు. చల్లగా ఉండేది. ఇప్పుడు చంటిపిల్లల కళ్లలో పెట్టొద్దని డాక్టర్లు చెప్తున్నారు కదా, అందుకని మా మనవరాలికి అరికాల్లో చుక్క పెట్టి ఊరుకుంటున్నాను. నేను ఐటెక్స్ వాడతాను.

నీ లిప్‌స్టిక్ గురించి నాకు తెలీదు. కానీ షాపు మెట్ల మీద ఎందుకు ఏడ్చావో మాత్రం తెలుసమ్మా. మీ నాన్నగారు అడిగారు కదా మొహం అలా ఉందేమని. అదే నీకు జవాబు. పెట్టుకో.


వరంగల్ టెక్నీషియన్:

అక్కా, నేను డయాలసిస్ యూనిట్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నా. మీలాంటి వాళ్లని రోజూ చూస్తుంటా కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

మంట ఉన్నన్ని రోజులు కాటుక రెప్ప లోపలి గీత మీద పెట్టకండి. వెంట్రుకల బయటివైపు, కింద సన్నగా గీసుకోండి. మీకు కావాల్సింది ఆ గీత గీయడమే అయితే అది ఎక్కడ గీసినా చెయ్యి అట్లనే కుదురుకుంటది. పెట్టుకునే ముందు ప్రతిసారీ పెన్సిల్ మొన కొంచెం చెక్కండి, పైన అంటిన మురికి పోతుంది. మరీ మెత్తగా ఉంటే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి చెక్కితే విరగదు. బొటనవేలంత మిగిలిందన్నారు, పాతదైతే దాన్ని దాచుకుని కొత్తది వాడండి. ఇంట్లో ఇంకెవరికీ మీ పెన్సిల్ ఇవ్వొద్దు. రాత్రి పడుకునే ముందు దూదికి కొబ్బరినూనె అద్ది మొత్తం తుడిచేయండి. చాలామంది అలిసిపోయి కాటుకతోనే పడుకుంటరు, పొద్దున మంట అందుకే. కళ్లు ఎర్రబడినా, పుసి కట్టినా మాత్రం ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టరుకు చూపించండి.

పౌడరు అరచేతిలో వేసుకుని ఇంట్లోనే రాసుకుని రండి. డబ్బా యూనిట్లోకి తేవద్దు, సూదులు, డ్రెస్సింగులు ఉండే చోట పొడి ఎగరకూడదు. ఘాటు సెంటు కూడా వద్దు. మిషను మీద ఉన్నప్పుడు కొందరికి వాంతి వచ్చినట్టుంటది, వాసన తగిలితే ఇంకా ఎక్కువైతది.

నాన్నగారికి ఒళ్లు దురద ఉందా? చాలామందికి ఉంటది, చర్మం పొడిబారిపోతది. వాసన లేని మాయిశ్చరైజరు కాళ్లకి, వీపుకి రాయండి. ఫిస్ట్యులా (సూదులు పెట్టడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి మాత్రం డయాలసిస్ రోజు ఏమీ రాయొద్దు, సబ్బుతో కడిగి శుభ్రంగా తీసుకురండి. కడిగే పని నాన్నగారితోనే చేయించండి, ఆయనకూ పొద్దున్నే ఒక పని ఉంటది.

మా దగ్గరికి ఒకమ్మ వాళ్లాయన కోసం మూడేళ్లు వచ్చింది. ప్రతిసారీ తల్లో పూలు పెట్టుకునే వచ్చేది. ఆమె రాకతోనే మాకు షిఫ్టు మొదలైనట్టు ఉండేది.


డల్లాస్ నుంచి:

నేను లిప్‌స్టిక్ గురించి చెప్తాను, దానికోసం నేనూ చాలా తిరిగాను.

ముందు మీ ట్యూబు అడుగున అంటించిన చీటీ మీద షేడు పేరు, నంబరు ఉంటాయి. ఫొటో తీసి పెట్టుకోండి, అరిగిపోతే చదవలేరు. కొత్తది చూసేటప్పుడు ట్యూబులో కనిపించే రంగు నమ్మకండి. పాతది, కొత్తది మణికట్టు లోపలివైపు పక్కపక్కన గీసి, షాపు లైట్ల కింద కాకుండా బయటికొచ్చి ఎండలో చూడండి. పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, కొన్ని రంగులు ఆరాక ఎర్రబడతాయి. ఒక్కటీ సరిపోకపోతే గోధుమరంగుది ఒకటి, గులాబీది ఒకటి కొని కలుపుకోవచ్చు. నేను అలాగే చేస్తున్నాను.

ట్యూబులో మిగిలినది పారేయకండి. పైకి రాకపోయినా లోపల గోడలకి చాలానే ఉంటుంది. అగ్గిపుల్లతో గీకి, స్టీలు చెంచాలో వేసి, అంతే వాసెలిన్ కలిపి, చెంచా అడుగు వేడినీళ్లకి ఆనించి పట్టుకోండి. కరిగాక చిన్న డబ్బీలో పోసేయండి. రంగు పలచబడుతుంది కానీ మీరు చెప్పిన "ఎవరికీ తెలియని" రంగు అలాగే ఉంటుంది. మునివేలితో రాసుకోవడమే. మరీ పాతబడి వాసన మారి ఉంటే మాత్రం వద్దు.

ఇక్కడ నాకు ఉద్యోగం పోయినప్పుడు హెచ్1బీ వర్క్ వీసా మీద చేతిలో ఉన్నవి 60 రోజులు. ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదంటే సర్దుకుని వెళ్లాలి. పాప నాలుగో తరగతి. క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ ఉండేదాన్ని. ఇంటర్వ్యూలు లేని రోజు కూడా పొద్దున తొమ్మిదింటికి కాటుక పెట్టుకుని చిన్న మెరూన్ స్టిక్కరు పెట్టుకునేదాన్ని. పెట్టుకోని రోజు మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. 47వ రోజున ఆఫర్ వచ్చింది. ఆ రోజు స్టిక్కరుని తీసి స్నానాలగది అద్దానికి అంటించాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

కాటుక గురించి ఒక్క మాట. ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సాంప్రదాయ కాటుకనీ సుర్మానీ అనుమతించదు, కొన్నిట్లో సీసం ఉంటుందని. అమ్మ ఊరి నుంచి తెచ్చిన పేరులేని డబ్బీ మనసు ఒప్పక పారేయలేదు, దేవుడి దగ్గర ఉంచాను. కళ్లకి మాత్రం పదార్థాలన్నీ రాసి ఉన్న పెన్సిలే వాడుతున్నాను.


సిద్దిపేట:

నేను మగవాణ్ణి, రాయొచ్చో లేదో తెలియదు. మా అమ్మకు కీమో ఇస్తున్నప్పుడు జుట్టు పోయింది, దానికి అంత బాధపడలేదు. కనుబొమ్మలు రాలినంక అద్దం చూసుడు మానేసింది. మా చెల్లె పెన్సిల్ కొనిచ్చి, ఫోన్ల ఎట్ల గీయాలో చెప్పింది. ఒక్కటే గీత గీయొద్దు, చిన్నచిన్నగా వెంట్రుకల లెక్క గీయాలె అని. రోజూ పొద్దుగాల నేనే గీసేటోణ్ణి. మొదట వంకర పోయినయి. "ఎడమది పైకి పోయిందిరా" అని తుడిపించేది. అమ్మ ఇప్పుడు బాగుంది, కనుబొమ్మలు మళ్లొచ్చినయి. ఆ పెన్సిల్ నా బండి డిక్కీల ఉంది.

మీ అత్తమ్మకు ఎవరన్నా చెప్పండి, అవి సోకులు కావని.


ఖమ్మం టీచర్:

అందరికీ పేరుపేరునా రాయాలని ఉంది కానీ పొద్దున్నే లేవాలి. అమలాపురం అత్తయ్యగారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. అమ్మ వాళ్ల నాయనమ్మ కూడా ఆకురసంతోనే కాటుక పట్టేదట, నాకెప్పుడూ చెప్పలేదు. సిద్దిపేట అన్నా, మీరు తప్పకుండా రాయాల్సిందే.

లిప్‌స్టిక్ నిన్న రాత్రి కరిగించాను. నాన్న మాత్రలు వచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బీ కడిగి ఆరబెట్టి అందులో పోశాను. సగం డబ్బీ వచ్చింది! రంగు అదే. కాటుక బయటివైపు పెట్టుకున్నాను, మంట లేదు. పాత పెన్సిల్ బీరువాలో పెట్టాను. వరంగల్ తమ్ముడు చెప్పిన దురద సంగతి మేము పట్టించుకోనేలేదు, నాన్న రాత్రిళ్లు వీపు గోడకి రాసుకునేది అందుకేనని ఇప్పుడు తెలిసింది. మాయిశ్చరైజరు కొన్నాను.

ఇవాళ సోమవారం. నాన్న ఎడమ చెయ్యి తనే సబ్బుతో కడుక్కున్నారు, మోచేతి పైదాకా. నేను పౌడరు నా అరచేతిలో వేసుకుని, మిగతాది ఆయన కుడి అరచేతిలో వేశాను. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు. తర్వాత మెడకి రాసుకుని, "రుమాలేదమ్మా" అన్నారు. అమ్మ తెచ్చి కాలరు లోపల మడిచి పెట్టింది. ఐదున్నరకి ఆటో వచ్చింది.