చిన్న బడ్జెట్‌లో తీసిన వింత హాస్య, భయానక చిత్రాలు చెప్పగలరా?

సెకండ్ షో:
అందరికీ నమస్కారం. సంక్రాంతికి అన్నయ్య, వదిన మా ఇంటికి వస్తున్నారు. రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని చూసే సినిమాలు కావాలి. తలుపు కిర్రుమనగానే చెవులు పగిలే సంగీతంతో ఉలికిపాటు తెప్పించేవి వద్దు. భాష ఏదైనా సరే, సబ్‌టైటిల్స్ ఉంటే చాలు. ‘తుంబాడ్’, ‘మసూద’ చూసేశాం. వదినకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి.

తెర వెనుక:
మొదట జపాన్ సినిమా ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ (2017) చూడండి. దర్శకుడు షినిచిరో ఉయెదా. పేరున్న నటులెవరూ లేరు, ఖర్చు సుమారు 30 లక్షల యెన్‌లు. పాడుబడిన కట్టడంలో జాంబీ సినిమా తీస్తున్న బృందం మీద నిజం జాంబీలు వచ్చి పడతాయి. మొదటి 37 నిమిషాలూ ఒకే షాట్. ఆ భాగంలో మీ అన్నయ్య విసుగెత్తి లేవబోతారు, దయచేసి లేవనివ్వకండి. పాత్రలు ఉన్నట్టుండి మాటలు తడుముకుంటాయి, ప్రాణాల మీదికి వచ్చిన వేళ అభిరుచుల గురించి ముచ్చటిస్తాయి. కెమెరా నేల మీద పడి కాసేపు అలాగే ఉండిపోతుంది. చేతకానితనం అనిపించిన ప్రతిదానికీ తర్వాత కారణం తెలుస్తుంది. తెలిసిన ప్రతిసారీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఇంతకు మించి చెప్పను. కథ ఎక్కడా చదవకండి, ట్రైలర్ జోలికీ పోకండి. నెత్తురు ఉంది, తెగిన చెయ్యి కూడా ఉంది. వదినగారికి ముందే చెప్పండి.

మర్నాడు మన ‘సినిమా బండి’ (2021) పెట్టండి. ఆటోలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా వీరబాబు చేతికి చిక్కుతుంది. పెళ్లి ఫొటోలు తీసే గణను వెంటేసుకుని ఊరివాళ్లతోనే సినిమా మొదలుపెడతాడు. దర్శకుడు ప్రవీణ్ కంద్రేగుల ఆ మనుషులను ఎక్కడా చులకన చేయలేదు, నాకు అది చాలా ఇష్టం. దయ్యాలు లేవు గానీ, జపాన్ సినిమా చూశాక ఇది చూస్తే రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. చేతిలో డబ్బు లేకపోయినా సినిమా తీసి తీరాలన్న తపనే రెండింటికీ ప్రాణం.

కార్నర్ సీటు:
ఇంటిల్లిపాదికీ అయితే మలయాళం ‘రోమాంచం’ (2023) హాయిగా ఉంటుంది. 2007 నాటి బెంగళూరు, ఒకే ఇంట్లో ఉంటున్న బ్రహ్మచారులు, క్యారమ్ బోర్డు మీద ఆత్మను పిలవడం. ఆట కాస్తా మెడకు చుట్టుకుంటుంది. అస్సామీ ‘ఆమిస్’ (2019) కూడా చూడండి.

తెర వెనుక:
‘రోమాంచం’ సరైన సలహా. చేతిలో డబ్బులేని కుర్రాళ్ల ఇల్లు ఎలా ఉంటుందో అందులో అచ్చంగా కనిపిస్తుంది, అందుకే భయమూ నమ్మేలా ఉంటుంది.

‘ఆమిస్’ మాత్రం పండుగకు వద్దండీ. భాస్కర్ హజారికా తీసిన గొప్ప సినిమా అది, సందేహం లేదు. గువాహటిలో మాంసాహారపు అలవాట్ల మీద పరిశోధన చేసే కుర్రాడికీ, పెళ్లయిన ఒక పిల్లల డాక్టరుకూ పరిచయం కలుగుతుంది. ఇద్దరూ కలిసి కొత్త కొత్త మాంసాలు రుచి చూస్తుంటారు, చెయ్యైనా తాకించుకోరు. మొదటి గంట ఎంత సున్నితంగా సాగుతుందంటే, కథ ఎటు తిరుగుతుందో అనుమానమైనా రాదు. తిరిగాక భోజనం సహించదు.

సెకండ్ షో:
చాలా కృతజ్ఞతలు. ‘రోమాంచం’ మొదటి రాత్రికి, జపాన్ సినిమా రెండో రాత్రికి. ‘ఆమిస్’ వాళ్లు ఊరెళ్లాక నేను ఒక్కణ్నే చూస్తాను.

తెర వెనుక:
అలాగే చేయండి. ‘సినిమా బండి’ మాత్రం మరవకండి.