మోషన్‌లో రక్తం, నీరసం. పైల్సేనా? నాన్న విషయంలో సలహా కావాలి

తెనాలి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 56 ఏళ్ళు, తెనాలిలో కిరాణా కొట్టు. సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ చెప్పింది, కొన్నాళ్ళుగా మోషన్‌లో రక్తం పడుతోందట, ఆయనేమో పైల్సేలే అని ఎవరో ఇచ్చిన పొడి మజ్జిగలో కలుపుకుని తాగుతున్నారు, కారం మానేశారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇంకొకటి. బియ్యం బస్తా ఒక్కరే జరిపే మనిషి, డాబా మెట్లెక్కుతూ సగంలో ఆగి గోడ పట్టుకుంటున్నారు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. దగ్గర్లో డాక్టర్ ఐరన్ మాత్రలు రాసి పంపేశారు. నొప్పి మాత్రం లేదంటున్నారు. నొప్పి లేదు కాబట్టి పెద్దపేగు క్యాన్సర్ కాదనుకోవచ్చా?

గ్యాస్ట్రో_నర్సు:
అనుకోవద్దండి. ఈ క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు, పైల్స్ రక్తం కూడా చాలాసార్లు నొప్పి లేకుండానే పడుతుంది, కాబట్టి నొప్పిని బట్టి ఏదీ తేల్చలేం. పైల్స్ అయితే మోషన్ అయ్యాక ఎర్రగా చుక్కలు చుక్కలుగా పడటం ఎక్కువ. రక్తం ముదురు రంగులో మలంలో కలిసిపోయి వస్తున్నా, జిగురు పడుతున్నా, ఎప్పుడూ ఉండే అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, మలం సన్నగా వస్తున్నా, వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపిస్తున్నా తప్పకుండా చూపించాలి. అలాగని ఎర్ర రక్తమైతే పైల్సేనని వదిలేయడానికి లేదు, మలద్వారానికి దగ్గర్లో గడ్డ ఉన్నా ఎర్రగానే పడుతుంది. పైల్స్, క్యాన్సర్ రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కూడా.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసింది ఆ 8.9. మగవాళ్ళకి 13 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు. ఆ వయసు మగమనిషికి ఐరన్ తగ్గిందంటే మాత్రలిచ్చి ఊరుకోకూడదు, రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. పెద్దపేగు కుడివైపు వెడల్పుగా ఉంటుంది, అక్కడ మలం ఇంకా పల్చగానే ఉంటుంది, అందుకని గడ్డ పెరిగినా తొందరగా అడ్డం పడదు. కంటికి కనపడకుండా కొంచెం కొంచెం రక్తం పోతూ ఉంటుంది, నీరసం, ఆయాసమే మొదటి గుర్తులవుతాయి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి, గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ని (జీర్ణకోశ వ్యాధుల డాక్టర్) కలిసి కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష గురించి అడగండి. క్యాన్సరే అని నేననడం లేదు, చూడకుండా కాదని ఎవరూ చెప్పలేరు.

బెజవాడ_రవి:
మా అమ్మకి చేయించామండి. పరీక్షకంటే ముందురోజే కష్టం, పేగు శుభ్రం కావడానికి పౌడర్ కలిపిన నీళ్ళు లీటర్లకొద్దీ తాగాలి, ఉప్పగా ఉంటుంది, చల్లగా చేసి ఇస్తే కాస్త నయం. పరీక్షప్పుడు మత్తిచ్చారు, ఆవిడకి ఏమీ తెలియలేదు. పాలిప్స్, అంటే పేగు లోపలి గోడమీద పెరిగే చిన్న కండలు, కనిపిస్తే అప్పుడే తీసేశారు. ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగం అలాంటి పాలిప్‌గానే మొదలై, ముదరడానికి పదేళ్ళ దాకా పడుతుందని డాక్టర్ గారు చెప్పారు. పైల్స్ అని బోర్డు పెట్టుకుని లోపల చూడకుండా మందులిచ్చే చోటికి మాత్రం దయచేసి తీసుకెళ్ళకండి.

తెనాలి_అమ్మాయి:
చాలా థాంక్స్ అండి. నాన్నకి సిగ్గు ఎక్కువ, అక్కడ చూపించుకోవడమా అంటున్నారు. మా పెదనాన్న కూడా 48 ఏళ్ళకి పేగు క్యాన్సర్‌తోనే పోయారని ఇవాళే అమ్మ చెప్పింది.

హూస్టన్_తెలుగు:
అమ్మా, ఆ మాట డాక్టర్‌కి మొట్టమొదట చెప్పాలి. తోబుట్టువుకి వచ్చిందంటే మిగతావాళ్ళు 40 ఏళ్ళకి, లేదా ఆ మనిషికి బయటపడ్డ వయసుకి పదేళ్ళు ముందు, ఏది ముందైతే అప్పటినుంచి పరీక్ష మొదలుపెట్టాలంటారు. ఇక్కడ అమెరికాలో ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి కూడా 2021లో ఆ వయసు 50 నుంచి 45కి తగ్గించారు. నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో ఈ క్యాన్సర్‌తోనే 43 ఏళ్ళకి పోయాడు. మీ అత్తలు, బాబాయిలు ఎవరైనా ఉంటే వాళ్ళకీ చెప్పండి. నాన్నగారికి సిగ్గయితే మగ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. గ్లవ్స్ వేసుకుని వేలితో చూసే పరీక్ష నిమిషంలో అయిపోతుంది, కింద ఉన్న గడ్డలు చాలావరకు దానికే తగులుతాయి.

తెనాలి_అమ్మాయి:
గుంటూరులో గురువారానికి తీసుకున్నాను. అమ్మ కూడా వస్తానంది.

గ్యాస్ట్రో_నర్సు:
మంచిది. ఆ పొడి ప్యాకెట్ కూడా తీసుకెళ్ళి చూపించండి. ఐరన్ మాత్రలతో మలం నల్లగా వస్తుంది, దానికి కంగారు పడకండి, కానీ కొలనోస్కోపీకి కొన్ని రోజుల ముందు వాటిని ఆపమంటారు, ఎప్పుడో అడగండి. గుండెకి రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.